నీలం గుర్తు ఉన్న దారి



మాది గుండుగొలను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో హైవే రెండుగా చీలేది మా ఊరి దగ్గరే. పాత రోడ్డు తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పోతుంది. కొత్త రోడ్డు దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరుతుంది. దక్షిణంగా వెళితే కొల్లేరు సరస్సు. మా వైపు నేల అరచేయిలా ఉంటుంది. ఎత్తు అనే మాట మేం వాడేదే తక్కువ. వాడితే కొల్లేరు హద్దుల గురించి మాట్లాడేటప్పుడు వాడతాం. ఎత్తు గీతలను బట్టి అయిదో కాంటూరు, మూడో కాంటూరు అంటాం. అయిదో కాంటూరు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ కాంటూరు గీత ఎవరి చేను పక్కనుంచి పోతుందో చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక మంచు సంగతి. మాకు మంచు రెండు రకాలు. ఒకటి సంక్రాంతి ముందు తెల్లవారుజామున చెరువుల మీంచి లేచి రోడ్డును కప్పేసేది. లారీలన్నీ లైట్లు వేసుకుని మెల్లగా కదిలే మంచు. రెండోది చేపల ప్యాకింగు దగ్గర ఐసు. దిమ్మల్ని మిషన్లో వేసి పొడి చేస్తారు. ట్రేలో ఒక వరస బొచ్చె, దాని మీద పారతో ఐసు, మళ్ళీ ఒక వరస శీలావతి, దాని మీద ఐసు. ఆ లారీ కలకత్తా వెళ్ళేదాకా చేప చెడకూడదు. నేల మీద పడిన ఐసులోంచి ఆడవాళ్ళు రబ్బరు చెప్పులతో, నెత్తిన ట్రే పెట్టుకుని నడుస్తారు. మడమ ముందు మోపరు, పాదమంతా ఒక్కసారే మోపుతారు. మోకాళ్ళు కాస్త వంచి, నడుము కొంచెం ముందుకు వాల్చి నడుస్తారు. జారిపడ్డ మనిషిని నేను చూసింది చాలా తక్కువ. ఈ నడక సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేశాను. పిల్లలకు నేను డ్రిల్లు టీచర్ని. రిటైరయ్యాక ఒక ఫిబ్రవరిలో జూరిక్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. వాళ్ళ పిల్లాడికి ఆరేళ్ళు. వాడికి బడికి సెలవులిచ్చారు. "అమ్మా, గ్రిండెల్‌వాల్డ్ వెళదాం, వాడికి స్కీయింగ్ నేర్పించాలి" అంది. నేను గదిలో కూర్చుని అద్దంలోంచి చూస్తాననుకుని బయల్దేరాను.

జూరిక్ నుంచి బెర్న్, అక్కడి నుంచి ఇంటర్‌లాకెన్. అక్కడ సన్న పట్టాల రైలు ఎక్కాలి. స్వైలూట్షినెన్ అనే చిన్న స్టేషన్లో ఆ రైలు రెండు ముక్కలవుతుంది. ముందు పెట్టెలు ఒక లోయలోకి, వెనక పెట్టెలు ఇంకో లోయలోకి. ఒకటి లౌటర్‌బ్రున్నెన్‌కు, ఇంకొకటి గ్రిండెల్‌వాల్డ్‌కు. దారి చీలే ఊరి మనిషిని కాబట్టి నాకది నచ్చింది. పెట్టెల నిండా స్కీలు పట్టుకున్న జనం. ఎనభై దాటిన ముసలాయన ఒకాయన, తల్లి ఒళ్ళో నిద్రపోతున్న పసివాడు ఒకడు. ఇద్దరి కాళ్ళకీ ఒకే రకం బూట్లు.

గ్రిండెల్‌వాల్డ్ ఊరు 1,034 మీటర్ల ఎత్తున ఉంది. ఎదురుగా ఐగర్ శిఖరం, 3,967 మీటర్లు. దాని ఉత్తరపు గోడ ఊరి మీదకు వంగినట్టు ఉంటుంది. ఎంతోమంది పర్వతారోహకుల ప్రాణాలు తీసిన గోడ అది. ఆ గోడ కనిపించే చోటే, ఊరి పైభాగంలో బోడ్మి అనే మెత్తటి వాలు ఉంది. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు అక్కడ స్కీలు కట్టుకుని నిలబడటం నేర్చుకుంటారు. ఆ రెంటినీ ఒకేసారి చూసిన ఆ నిమిషంలోనే ఈ ఊరి సంగతి నాకు సగం అర్థమైంది.

మిగతా సగం మర్నాడు అర్థమైంది. మనవణ్ణి తరగతిలో దింపి కంచె బయట నిలబడ్డాను. పెద్దవాళ్ళకు వేరే గుంపు ఉంది. అందులో నా ఈడు వాళ్ళు నలుగురున్నారు. మా అమ్మాయి నాకు చెప్పకుండా నా పేరు కూడా రాయించింది.

బూట్లు తొడగడానికే పావుగంట పట్టింది. గట్టి ప్లాస్టిక్కు, నాలుగు బిగింపులు. చీలమండ కదలదు. దమ్ము చేసిన చేలో కాలు దిగబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, కాకపోతే ఇక్కడ ఆ బురదను మనతోపాటు మోసుకుని నడవాలి. స్కీ మీద బూటు ముందు కొన పెట్టి, మడమతో గట్టిగా నొక్కితే టక్కుమని పడుతుంది. మనం అడ్డదిడ్డంగా పడినప్పుడు కాలు మెలిపడకుండా ఆ బిగింపు దానంతటదే ఊడిపోతుంది. మనిషి బరువు, పొడుగు, వయసు, వచ్చిన పని చూసి అది ఎంత బలానికి ఊడాలో కొట్టువాడు ముందే తిప్పి పెడతాడు. కొత్తవాళ్ళకు తొందరగా ఊడేలా పెడతారు.

నేర్పించే అమ్మాయికి ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. మొదట నేర్పింది పడటం. పక్కకు పడాలి, కొండ వైపుకు పడాలి, వెల్లకిలా పడకూడదు. తర్వాత లేవడం. రెండు స్కీలనూ వాలుకు అడ్డంగా పెట్టుకుంటేనే లేవగలం. వాలు వెంబడి పెడితే లేవబోయిన ప్రతిసారీ అవి ముందుకు జారిపోతాయి. పది నిమిషాలు అందరం పడ్డాం, లేచాం, మళ్ళీ పడ్డాం. ఆ తర్వాత ఆగడం నేర్పింది. స్కీల ముందు మొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి, లోపలి అంచుల మీద బరువు వేయాలి. మంచు గీసుకుని వేగం తగ్గుతుంది. జర్మన్‌లో దానికి నాగలి అని పేరు. పక్క గుంపులో పిల్లలకు పిజ్జా ముక్క అని చెబుతున్నారు. మా వాడు కంచె అవతల్నుంచి "అమ్మమ్మా, పిజ్జా పెట్టు, పిజ్జా పెట్టు!" అని అరిచాడు. నాకు నాగలే బాగా అందింది. నాగలి నేలలో దిగితేనే ఎడ్లు నెమ్మదిస్తాయి, పైపైన పట్టుకుంటే అవి లాక్కుపోతాయి. చిన్నప్పుడు మా నాన్న వెనక చాళ్ళలో నడిచిన మనిషిని, ఆ మాత్రం తెలుసు.

అన్నిటికంటే కష్టమైంది ఒకటుంది. వాలు చూడగానే భయం వేస్తుంది, భయంతో ఒళ్ళు వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం తేలిక పడి, తిప్పినా తిరగదు, ఆపినా ఆగదు. భయం వేసినప్పుడే ముందుకు వంగాలి. మోకాళ్ళు వంచి, పిక్కల ముందు ఎముకను బూటు నాలుకకు ఆనించి, చూపు దూరంగా పెట్టాలి. రెండుసార్లు పడ్డాక నాకు ప్యాకింగు దగ్గర ఐసు మీద నడిచే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. అదే మోకాలు, అదే నడుము. నెత్తిన ట్రే ఉన్నట్టు అనుకుని నిలబడ్డాను. ఆ పూట మళ్ళీ పడలేదు.

తిరగడం మూడో రోజు నేర్పారు. కుడికి తిరగాలంటే ఎడమ కాలి మీద బరువు వేయాలి. ఎడమకు తిరగాలంటే కుడి కాలి మీద. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ తాటిదోనె ఎక్కినవాళ్ళకు ఇది కొత్త కాదు. మా అమ్మమ్మగారి ఊరు కొల్లేటి ఒడ్డున. తాటిచెట్టు మొదలు తొలిచి చేసిన దోనెలో నిలబడి మా మేనమామ గెడ వేసేవాడు. ఒక పాదం మీద రవ్వంత బరువు మారితే దోనె ముక్కు పక్కకు తిరిగేది. మేం పిల్లలం కదిలితే "పాదాల్తో మాట్లాడకండే!" అని కసిరేవాడు. ఇంకో సంగతి చెప్పాలి. ఇప్పుడు స్కీ చేసేవాళ్ళకు రెండు చేతుల్లో రెండు కర్రలుంటాయి. మొదట్లో అలా లేదు. ఆస్ట్రియాలో లిలియన్‌ఫెల్డ్ దగ్గర మథియాస్ జ్డార్‌స్కీ అనే ఆయన 19వ శతాబ్దం చివరి రోజుల్లో ఆల్ప్స్ లాంటి నిటారు కొండలకు పనికొచ్చే పద్ధతి తయారుచేశాడు. ఆయన మనుషులు పట్టుకున్నది ఒకటే పొడవాటి కర్ర. ఆ పాత ఫొటోలు చూస్తే మా మామయ్య గెడ పట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది.

ఇక దారుల రంగులు. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే ఈ మాట చెప్పడానికి. ఆ చుట్టుపక్కల కొండలన్నిటి మీదా కలిపి రెండు వందల కిలోమీటర్లకు పైగా స్కీ దారులున్నాయి. ప్రతి దారి పక్కనా గుర్తు కర్రలు పాతి ఉంటాయి. నీలం అంటే తేలిక. ఎరుపు మధ్యస్థం. నలుపు కష్టం. ఫ్రాన్సు వైపు నీలం కంటే తేలికైన ఆకుపచ్చ కూడా ఉంది. ఊరి జనం, వచ్చినవాళ్ళు అంతా ఒకే రైలు ఎక్కుతారు. 1893 నుంచి నడుస్తున్న పళ్ళ చక్రాల రైలు అది, 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైనె షైడెగ్ స్టేషనుకు తీసుకెళుతుంది. పైకి చేరాక ఎవరి రంగు వాళ్ళు చూసుకుని దిగుతారు. దిగువన అందరూ మళ్ళీ ఒకే హోటల్లో సూపు తాగుతారు. నువ్వు ఏ రంగులో వచ్చావని ఎవరూ అడగరు. స్కీలే వద్దనుకున్నవాళ్ళకు నడకదారులు వేరే ఉన్నాయి, చెక్క బళ్ళ మీద జారే దారులు వేరే ఉన్నాయి. ఆ ఊరి వడ్రంగి ఒకాయన, క్రిస్టియన్ బ్యూల్‌మన్, 1911లో మంచు మీద నడిచే చెక్క సైకిలు చేశాడు. చక్రాల బదులు చెక్క బద్దలుంటాయి. వెలోగేమెల్ అంటారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో జనం దాని మీద జారుతున్నారు.

అదే కొండకు అవతలి పక్క వెంగెన్ ఉంది. అక్కడ 1930 నుంచి లౌబర్‌హార్న్ పందెం జరుగుతోంది. ప్రపంచ కప్పు డౌన్‌హిల్ పందేలన్నిటిలో అదే పొడవైనది, దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. 2013లో యోహాన్ క్లారే అనే ఫ్రెంచి ఆటగాడు అక్కడ గంటకు 161.9 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాడు. మా హైవే మీద కారు కూడా అంత వేగం పోకూడదు. ఒక పక్క అది, ఇటుపక్క నాలుగేళ్ళ పిల్లలు రబ్బరు బెల్టు మీద నిలబడి పైకి వెళ్ళడం. రైసుమిల్లులో బస్తాలు పైకెళ్ళే బెల్టు లాంటిదే అది.

రంగులకు తోడు నడవడికకు పది నియమాలున్నాయి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య రాసినవి. వాటిలో ఒకటి నా మనసుకు బాగా పట్టింది. పైనుంచి వచ్చేవాడు కిందనున్నవాడికి ప్రమాదం లేకుండా దారి ఎంచుకోవాలి. ముందున్నవాడు నెమ్మదిగా పోయినా, మధ్యలో తడబడినా, వెనక వచ్చే వేగం మనిషిదే బాధ్యత. రోజూ మా జంక్షన్లో పెద్ద బండి హారన్ కొడితే సైకిలు మీద పోయేవాళ్ళు మట్టిలోకి దిగడం చూస్తూ పెరిగిన నాకు, అక్కడ వంద మంది నేర్పరులు నన్ను తప్పించుకుని చుట్టూ తిరిగిపోతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రాత్రి పడుకున్నాక నా బడి గుర్తొచ్చింది. ఏ ఊరి బడో చెప్పను. నా చేతిలో ఒక విజిలు, మైదానంలో సున్నంతో గీసిన ఒక ట్రాకు. అందరికీ ఒకటే దూరం, ఒకటే టైము. అందుకోలేని పిల్లలు చింతచెట్టు కింద కూర్చునేవాళ్ళు. పరిగెత్తే పిల్లల చెప్పులకు, నీళ్ళ సీసాలకు వాళ్ళే కాపలా. ఒకమ్మాయి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అయిదేళ్ళు ఆ చెట్టు కిందే కూర్చుంది. ఒక్క రోజు కూడా ఆ పిల్లను సగం దూరం నడవమని నేను చెప్పలేదు. నాకు తట్టలేదు. నీలం గుర్తు కర్ర పక్కన నిలబడ్డప్పుడు ఆ పిల్ల ముఖమే కనిపించింది.

గ్రిండెల్‌వాల్డ్ పక్క లోయలో, కొండ అంచున మ్యూరెన్ అని ఇంకో ఊరుంది. ఒకరోజు స్కీలు పక్కన పెట్టి అక్కడికి వెళ్ళాను. ఆ ఊరికీ మనకూ ఒక చుట్టరికం ఉంది, వినండి. స్లాలమ్ అనే పందెం మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగుతారు. ఆ మాట నార్వేవాళ్ళది. కానీ ఇవాళ మనం చూసే స్లాలమ్‌కు రూపం ఇచ్చింది ఆర్నాల్డ్ లన్ అనే ఆంగ్లేయుడు. 1922లో మ్యూరెన్ వాలు మీద మొదటిసారి జెండాలు పాతి పందెం పెట్టాడు. అంతకు ముందు సొగసుకు మార్కులు వేసేవాళ్ళు. ఎంత తొందరగా తిరిగి, ఎంత తొందరగా కిందికి చేరావన్నదే లెక్క అన్నాడాయన. ఆ ఆర్నాల్డ్ లన్ పుట్టింది ఎక్కడో కాదు, మద్రాసులో, 1888లో. తండ్రి హెన్రీ లన్ వైద్యుడు, మెథడిస్టు మిషనరీగా వచ్చాడు. అప్పటికి మన ఏలూరు, కొల్లేరు, గోదావరి అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. మంచు ఎరగని మన రాజధానిలో పుట్టిన బిడ్డ మంచు మీది పందేనికి రూపం కట్టాడు. ఆ తర్వాత తండ్రి ఇంగ్లండు తిరిగి వెళ్ళి, చలికాలంలో జనాన్ని స్విట్జర్లాండుకు తీసుకెళ్ళే వ్యాపారం పెట్టాడు. కొడుకు ఆ మంచులోనే పెరిగాడు.

ఇంకొక సంగతి. ఆర్నాల్డ్ లన్ 1909లో వేల్స్‌లో కొండ ఎక్కుతూ పడిపోయాడు. కాలు నుజ్జయింది. ఆ కాలు జీవితాంతం పొట్టిగానే ఉండిపోయింది. ఆ కాలితోనే పెద్దపెద్ద కొండల మీద స్కీ చేశాడు. స్లాలమ్ పెట్టింది కూడా ఆ కాలితోనే.

1924లో ఆయన, ఆయన మిత్రులు మ్యూరెన్‌లో కాందహార్ స్కీ క్లబ్బు స్థాపించారు. స్విస్ కొండల మీద అఫ్గాన్ పట్టణం పేరేమిటా అనుకున్నాను. 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కు సైన్యాన్ని నడిపించిన జనరల్ రాబర్ట్స్ బిరుదులోంచి వచ్చిన పేరు అది. ఆయనా ఆ తర్వాత మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసినవాడే. 1931లో మ్యూరెన్‌లోనే డౌన్‌హిల్‌కు, స్లాలమ్‌కు మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. ఆడవాళ్ళకూ పోటీలు పెట్టారు. ఎస్మె మెకినన్ అనే పదిహేడేళ్ళ బ్రిటిష్ అమ్మాయి రెండు బంగారాలూ తెచ్చుకుంది. ఆ పేరు చదివినప్పుడు మా కబడ్డీ జట్టు పిల్లలంతా కళ్ళ ముందు కదిలారు. మామూలు జనం కోసం 1928 నుంచి అక్కడ ఇన్‌ఫెర్నో అనే పందెం కూడా ఉంది. 2,970 మీటర్ల షిల్ట్‌హార్న్ కొండ నుంచి లోయదాకా దిగుతారు. ఇప్పుడు ఏటా 1,800 మందికి పైగా దిగుతున్నారు. పొద్దున బేకరీ నడిపేవాళ్ళు, బళ్ళో పాఠాలు చెప్పేవాళ్ళు అందులో ఉంటారు.

మన దేశంలో స్కీయింగ్ నేర్చుకోవాలంటే కాశ్మీరులో గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలి ఉన్నాయి. గుల్మార్గ్ కింద తంగ్‌మార్గ్ నుంచి వచ్చిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారతదేశం నుంచి వెళ్ళిన ఒకే ఒక్క ఆటగాడు. పోటీ పడింది స్లాలమ్‌లోనూ, జయింట్ స్లాలమ్‌లోనూ.

మంచు మాత్రం తగ్గిపోతోంది. గ్రిండెల్‌వాల్డ్‌ను ఒకప్పుడు హిమానీనదాల ఊరనేవాళ్ళు. 19వ శతాబ్దంలో మంచునది నాలుక ఊరి పొలాల దగ్గరదాకా వచ్చేది. ఇప్పుడది కొండ లోపలికి వెళ్ళిపోయింది, మిగిలింది రాతి గోడలే. 2023 జనవరిలో అక్కడికి దగ్గర్లోని ఆడెల్‌బోడెన్‌లో ప్రపంచ కప్పు పందెం జరిగినప్పుడు చుట్టూ కొండలు పచ్చగా ఉన్నాయి, మధ్యలో యంత్రాలతో చేసిన మంచు తెల్లటి పంచె పరిచినట్టు ఉంది. కొండ మీద చెరువులు తవ్వి నీళ్ళు నింపుకుని, రాత్రి చలిలో వాటిని గాలిలోకి చిమ్మి మంచు చేస్తారు. చెరువులు ఆ నీళ్ళకోసం. మా దగ్గర చెరువులు చేపలకోసం. కొల్లేరు ఎంత మేర నీరుగా ఉండేదో, ఎంత మేర గట్లయిందో చూసిన మనిషిగా, గ్రిండెల్‌వాల్డ్ ముసలాయన ఒకాయన ఖాళీ రాతి లోయవైపు చేయి చూపించి "నా చిన్నప్పుడు అక్కడిదాకా" అన్నప్పుడు ఆయన మాట నాకు వేరే ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

ఆరో రోజు నేను నీలం దారిలో దిగాను. ఒక కిలోమీటరు కూడా ఉండదు. గంట పట్టింది. మా మనవడు ముందు పోయి, ప్రతి మలుపులో ఆగి, నాకోసం చేతులూపుతూ నిలబడ్డాడు. ఎన్నిసార్లు పడ్డానో వాడు లెక్కపెట్టాడు, నేను పెట్టలేదు. చివర కంచె దగ్గర నాగలి వేసి ఆగాను. ఎవరినీ పట్టుకోకుండా ఆగాను.

ఊరికి వచ్చాక ఒక సాయంత్రం కాలువ గట్టు వెంట నడుస్తున్నాను. ఎండాకాలం సెలవులు. నలుగురు పిల్లలు గట్టు మీంచి కొబ్బరిమట్టల మీద కూర్చుని కిందికి జారుతున్నారు. దిగువన నీళ్ళు. ముగ్గురు జారుతున్నారు, నాలుగో పిల్ల పైన చెప్పులు కాపలా కాస్తోంది. ఆ పిల్ల దగ్గరకు వెళ్ళాను. గట్టు తక్కువ వాలుగా ఉన్న చోటికి, గడ్డి ఒత్తుగా ఉన్న చోటికి తీసుకెళ్ళాను. మట్ట మీద కూర్చోబెట్టి, "కాళ్ళు రెండు పక్కలకూ చాపి, మడమలు నేలకు ఆనించమ్మా. ముందు ఇక్కణ్ణుంచి ఇక్కడికే" అని నాలుగు అడుగులు కొలిచి, నా చెప్పొకటి అడ్డంగా పెట్టాను. మెల్లగా జారింది. మడమల కింద గడ్డి చిరిగి మట్టి లేచింది. చెప్పుకు జానెడు ఇవతల ఆగింది.

"మళ్ళీ?" అంది.

నేను వెళ్ళి చెప్పును ఇంకో రెండడుగులు దిగువకు జరిపాను.